రెండే సీట్లున్న బండిలో పసిబిడ్డ: డుమస్ దారి చెప్పే భద్రతా పాఠం

గుజరాత్ రాష్ట్రంలోని సూరత్ నగరానికి నైరుతి దిశగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో అరేబియా సముద్రపు ఒడ్డున డుమస్ గ్రామం ఉన్నది. ఇక్కడి ఇసుక నల్లనిది. ఆదివారాలలోనూ పండుగ దినాలలోనూ సూరత్ ప్రజలు కుటుంబాలతో సహా ఈ తీరానికి తరలివస్తారు. సముద్రపు గాలి పీల్చుకొని, వేడివేడి టమాటా భజియాలు తిని, చీకటి పడే వేళకు తిరుగు ముఖం పడతారు. సూరత్ విమానాశ్రయం కూడా ఈ మార్గంలోనే ఉండడం చేత ఈ రహదారిపై నానా విధాల వాహనాలు కనిపిస్తాయి. కోట్ల ఖరీదు చేసే కార్లు, నగర బస్సులు, ఆటో రిక్షాలు, వీటన్నింటి నడుమ తల్లి, తండ్రి, ఇద్దరు బిడ్డలు సర్దుకొని కూర్చున్న మోటారు సైకిళ్ళు సాగిపోతుంటాయి.

ఈ జనప్రవాహంలో తెలుగువారు కూడా గణనీయంగా ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల పనిని వెదుక్కుంటూ సూరత్ చేరి, లింబాయత్, ఉధనా వంటి పేటలలో స్థిరపడ్డాయి. అక్కడ బతుకమ్మ పండుగ జరుగుతుంది. మార్కండేయుని ఆరాధన ఉన్నది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా భాషలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలను నడుపుతూ వచ్చింది. భాషలు వేరైనా డుమస్ దారిలో ప్రయాణించే తల్లిదండ్రులందరికీ సమానమైన సమస్య ఒకటి ఉన్నది. రెండే సీట్లున్న వాహనంలో పసిబిడ్డను ఎక్కడ కూర్చుండబెట్టాలి?

పైకప్పును వెనుకకు మడిచి వేయగల పాతకాలపు రెండు సీట్ల కన్వర్టిబుల్ కారును ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ప్రయోజనకరం. అట్టి కార్లు మన దేశంలో అరుదు. అయినను వాటిలో పిల్లల సీటును బిగించడంలో ఎదురయ్యే ప్రతి చిక్కూ బిడ్డ భద్రతకు సంబంధించిన ఒక మూలసూత్రాన్ని విశదం చేస్తుంది.

తల్లి ఒడి సీటు కాగలదా?

రెండు సీట్ల కారులో తల్లిదండ్రులు ఇద్దరూ కూర్చుంటే బిడ్డకు మిగిలే చోటు తల్లి ఒడి మాత్రమే. ఇంటిలో అంతకు మించిన రక్షణ లేదు. కదిలే వాహనంలో మాత్రం లెక్క మారిపోతుంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 13.9 మీటర్లు. ఎదుటి వాహనాన్ని ఢీకొని కారు సెకనులో పదవ వంతు కాలంలో ఆగిపోయిందనుకొందాం. అపుడు లోపలివారి వేగం తగ్గే రేటు సెకనుకు సెకనుకు 139 మీటర్లు. అంటే భూమ్యాకర్షణకు 14 రెట్లు. 10 కిలోల బిడ్డను ఆ క్షణంలో పట్టి నిలపాలంటే దాదాపు 1,400 న్యూటన్ల బలం కావాలి. ఇది 140 కిలోల బరువును ఒక్క ఉదుటున ఆపడంతో సమానం. ఏ తల్లి చేతులకూ, ఏ తండ్రి చేతులకూ ఇది సాధ్యం కాదు. పైగా తల్లి తాను బెల్టు పెట్టుకోక బిడ్డను పట్టుకొంటే ఆమె శరీర భారమంతా బిడ్డపై పడి, బిడ్డ ఆమెకూ డాష్‌బోర్డుకూ మధ్య నలిగిపోతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టడం ఇంకా ప్రమాదకరం. ఆ పట్టీ బిడ్డ మెత్తని కడుపులోనికి దిగుతుంది.

మరొక విధంగా చెప్పాలంటే, 50 కిలోమీటర్ల వేగంతో ఢీకొనడం సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అనగా మూడంతస్తుల మేడపై నుంచి, నేలమీద పడడంతో సమానం. మేడ పిట్టగోడ వద్ద బిడ్డను గట్టిగా పట్టుకొనే తల్లిదండ్రులే కారులో ఒడిని నమ్ముకోవడానికి కారణం, వేగంలో దాగిన ఎత్తు కంటికి కనిపించకపోవడమే.

పిల్లల సీటు పుట్టుక

పిల్లల కోసం కారులో ప్రత్యేక సీట్లు 1930వ దశకంలోనే వచ్చాయి. బిడ్డ కదలకుండా ఒకచోట కూర్చోవడం, కిటికీలో నుంచి బయటకు చూడగలగడం మాత్రమే నాటి సీట్ల ఉద్దేశం. ప్రమాదంలో ప్రాణం కాపాడాలన్న ఆలోచన 1960వ దశకంలో రూపుదిద్దుకొన్నది. 1959లో స్వీడన్‌కు చెందిన నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు వోల్వో సంస్థలో మూడు బిందువుల సీటు బెల్టును రూపొందించాడు. నడుము మీదుగా ఒక పట్టీ, ఛాతీ మీదుగా ఒక పట్టీ వచ్చే ఈ బెల్టునే నేటి కార్లన్నింటిలోనూ చూస్తున్నాము. 1962లో బ్రిటన్‌లో జీన్ ఏమ్స్ పట్టీలతో కూడిన పిల్లల సీటును రూపొందించింది. ఆ దశకంలోనే స్వీడన్‌కు చెందిన బెర్టిల్ ఆల్డ్‌మన్, రోదసి యాత్రికులు వీపును ఆనించి పడుకొనే విధానాన్ని గమనించి, బిడ్డ ముఖం వెనుక వైపునకు ఉండే సీటును ప్రయోగాత్మకంగా తయారుచేశాడు.

వెనుకకు తిరిగి కూర్చోవడంలో ఉన్న మర్మం శరీర నిర్మాణానికి సంబంధించినది. పసిబిడ్డ తల శరీరపు పొడవులో దాదాపు నాలుగవ వంతు ఉంటుంది. దానిని మోసే మెడ ఎముకలు, కండరాలు ఇంకా లేతగా ఉంటాయి. బిడ్డ ముందుకు చూస్తూ కూర్చున్నపుడు కారు ఢీకొంటే, పట్టీలు మొండెమును నిలుపుతాయి గాని తల ముందుకు విసిరినట్లు పోతుంది. వెనుకకు తిరిగి కూర్చుంటే ఆ బలమంతా వీపు, మెడ, తల అంతటా పరచుకొని సీటు వీపుపై పడుతుంది.

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం పిల్లల సీటును తప్పనిసరి చేస్తూ చేసిన శాసనం 1978 జనవరి 1న అమలులోనికి వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం 44వ నిబంధన 1981లో వచ్చింది. దాని తరువాతి తరానికి చెందిన 129వ నిబంధన 2013లో వచ్చింది. మన దేశంలో ఏ.ఐ.ఎస్. 072 అనే ప్రమాణం ఉన్నది. సరిగా అమర్చిన పిల్లల సీట్లు కార్లలో ఏడాదిలోపు శిశువుల మరణావకాశాన్ని 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణావకాశాన్ని 54 శాతం తగ్గిస్తాయని అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా వేసింది. ఇందులో "సరిగా అమర్చిన" అన్న మాటయే కీలకం. పాత కారు ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

పాత కారులో పరీక్షించవలసినవి

బ్రిటన్‌లో 1945 నుంచి 1949 వరకు తయారైన ఎం.జి. టి.సి., 1962 నుంచి 1980 వరకు తయారైన ఎం.జి.బి., అదే కాలపు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ వంటివి రెండు సీట్ల కన్వర్టిబుల్ కార్లకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. వీటి రూపకల్పన నాటికి పిల్లల సీటు అన్న భావనయే శైశవంలో ఉన్నది. కావున ఇటువంటి కారులో బిడ్డను కూర్చుండబెట్టదలచినవారు ఈ క్రింది అంశాలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి.

మొదటిది బెల్టు. ఎం.జి. టి.సి. వంటి తొలినాటి కార్లలో అసలు బెల్టులే లేవు. కొన్నింటిలో నడుము పట్టీ మాత్రమే ఉంటుంది. నేటి పిల్లల సీట్లలో అధిక భాగానికి మూడు బిందువుల బెల్టు కావాలి. నడుము పట్టీతో అమర్చదగినవి కొన్ని ఉన్నా, ఆ సంగతి తయారీదారు ఇచ్చిన సూచనల పుస్తకంలో స్పష్టంగా వ్రాసి ఉండాలి. ఊహ మీద ఆధారపడరాదు. బెల్టు పొడవు కూడా చూడాలి. పాత బెల్టు పొట్టిదైతే వెనుకకు తిరిగిన సీటు చుట్టూ అందదు.

రెండవది బెల్టును పట్టి ఉంచే బిందువు. మూతగల కారులో భుజపు పట్టీ తలుపు పక్కనున్న నిలువు స్తంభానికి బిగించి ఉంటుంది. కన్వర్టిబుల్ కారులో పైకప్పు లేదు గనుక ఆ స్తంభం కూడా పూర్తిగా ఉండదు. పట్టీని వెనుక చక్రం పైభాగపు రేకుకో, సీటు వెనుకనున్న అరకో బిగిస్తారు. ఆ బిందువు భుజం కంటె బాగా క్రిందికి ఉంటే, ఢీకొన్నపుడు పట్టీ భుజాన్ని క్రిందికి నొక్కి వెన్నెముకపై భారం మోపుతుంది. పలుచని రేకుకు రంధ్రం చేసి బోల్టు బిగిస్తే సరిపోదు. పెద్ద దెబ్బకు ఆ బోల్టు రేకును చీల్చుకొని ఊడి వస్తుంది. రేకు వెనుక మందమైన ఉక్కు పలకను అమర్చి, బలం విశాలమైన చోట పరచుకొనేటట్లు చేయాలి. ఇది అనుభవజ్ఞుడైన మెకానిక్ చేయవలసిన పని.

మూడవది తుప్పు. డుమస్ వంటి సముద్రతీరంలో దీని ప్రాధాన్యం రెట్టింపు అవుతుంది. ఉప్పుగాలి పాత కారు అడుగు రేకును, తలుపు క్రింది పెట్టెలను లోలోపల తినివేస్తుంది. పైన రంగు తళతళలాడుతున్నా, బెల్టు బోల్టు పట్టి ఉన్న చోట లోహం పొరలుపొరలుగా ఊడిపోతూ ఉండవచ్చు. తివాచీని ఎత్తి, క్రింది నుంచి కూడా చూసి నిర్ధారించుకోవాలి.

నాలుగవది సీటు ఆకారం. ఈ కార్ల సీట్లు లోతుగా, ఇరుకుగా, అంచులు ఎత్తుగా ఉంటాయి. కూర్చునే భాగం పొట్టిగా ఉంటుంది. పిల్లల సీటు అడుగుభాగం దానిపై నిండుగా ఆనక, పడవ వలె ఊగుతుంది. బిగించిన తరువాత బెల్టు పోయే చోట పట్టుకొని అటూ ఇటూ కదిపి చూడాలి. రెండున్నర సెంటీమీటర్లకు మించి కదిలితే ఆ అమరిక పనికిరాదు. బెల్టు బకిల్ పిల్లల సీటు అంచుపై వంగి ఆనుతున్నదేమో కూడా గమనించాలి. అట్లా ఆనిన బకిల్ దెబ్బకు విరిగిపోవచ్చు. కొన్ని కార్లలో సీటు వీపు ముందుకు మడుచుకొంటుంది. దానిని నిలిపే గడియ లేకపోతే, లేదా అరిగిపోతే, బిడ్డతో సహా సీటు వీపు ముందుకు పడుతుంది.

ఐదవది ముందున్న ఖాళీ. 44వ నిబంధన ప్రకారం 50 కిలోమీటర్ల వేగపు పరీక్షలో, ముందుకు చూసే సీటులోని బొమ్మ తల, సీటు వీపూ కూర్చునే భాగమూ కలిసే ప్రాంతం నుంచి లెక్కించి 550 మిల్లీమీటర్ల వరకు ముందుకు రావచ్చును. అనగా, అంగీకృతమైన మంచి సీటులో కూడా బిడ్డ తల అంత దూరం ముందుకు పోగలదు. రెండు సీట్ల కారు లోపలి భాగం పొట్టిది. కొన్నింటిలో డాష్‌బోర్డు లోహంతో చేసినది. సీటును పట్టాలపై పూర్తిగా వెనుకకు జరిపి, టేపుతో కొలిచి, ఈ అంకెతో పోల్చి చూసుకోవాలి.

ఆరవది పై రక్షణ. పైకప్పు లేని కారు బోల్తా పడితే తలను కాపాడేది సీటు వెనుక నిలిపిన ఉక్కు కడ్డీ, ముందు అద్దపు చట్రము మాత్రమే. పిల్లల సీటు బిడ్డను ఎత్తులో కూర్చుండబెడుతుంది. కడ్డీ కొన నుంచి అద్దపు చట్రం పై అంచుకు ఒక గీత గీసినట్లు ఊహించుకొంటే, బిడ్డ తల ఆ గీతకు బాగా క్రిందుగా ఉండాలి. ఉక్కు కడ్డీ లేని కారులో ఈ ప్రశ్నకు సమాధానమే లేదు.

1999లో ప్రమాణీకరించిన ఐసోఫిక్స్ కొక్కేలు, పిల్లల సీటు పైభాగాన్ని పట్టి ఉంచే పట్టీకి కావలసిన గట్టి బిందువు పాత కార్లలో ఉండవు. అందుచేత అవి అవసరమైన సీట్లను ఇక్కడ వాడరాదు. ప్రమాదంలో ఒకసారి దెబ్బ తిన్న సీటును గాని, పూర్వచరిత్ర తెలియని పాత సీటును గాని ఏ కారులోనూ వాడకూడదు.

ఎయిర్‌బ్యాగ్ తెచ్చే అపాయం

కొంత కొత్తవైన రెండు సీట్ల కార్లలో వేరొక చిక్కు ఉన్నది. 1989లో వచ్చిన మాజ్దా ఎం.ఎక్స్. 5 వంటి కార్లకు తరువాతి సంవత్సరాలలో ముందు సీటు ఎదుట ఎయిర్‌బ్యాగ్ చేర్చారు. పెద్దలను కాపాడే ఆ సంచి రెప్పపాటులో గంటకు వందల కిలోమీటర్ల వేగంతో విచ్చుకొంటుంది. వెనుకకు తిరిగిన పిల్లల సీటు దాని ఎదుటనే ఉంటే, బిడ్డ తల వెనుక భాగంపై అది సమ్మెటపోటు వలె తగులుతుంది. 1990వ దశకంలో అమెరికాలో ఈ విధంగా శిశువులు మరణించిన తరువాత లోకానికి కనువిప్పు కలిగింది. వెనుక సీటు లేని వాహనాలలో ఎయిర్‌బ్యాగ్‌ను తాళపుచెవితో ఆపివేసే మీటను అమర్చడానికి 1995లో అక్కడ అనుమతి లభించింది.

ఇందునుంచి గ్రహించవలసిన నియమం సుస్పష్టం. పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఎదుట వెనుకకు తిరిగిన సీటును ఎన్నడూ ఉంచరాదు. ఐదు సీట్ల కారులో బిడ్డకు వెనుక సీటే తగిన చోటు. రెండు సీట్ల కారులో ఆ అవకాశం లేదు గనుక, ఎయిర్‌బ్యాగ్‌ను ఆపివేసే ఏర్పాటు తయారీదారు కల్పించి ఉండాలి. లేనిచో శిశువును అందులో ఎక్కించరాదు.

చట్టం ఏమి చెబుతున్నది?

2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం ద్వారా వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్ళ లోపు బిడ్డను సీటు బెల్టుతో గాని పిల్లల సీటుతో గాని భద్రపరచకుండా వాహనం నడిపినవారికి, నడపనిచ్చినవారికి రూ. 1,000 జరిమానా విధించవచ్చును.

యాభై ఏళ్ళు దాటిన వాహనాల కోసం కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం వింటేజ్ వాహనంగా నమోదైన బండికి "వి.ఏ." అక్షరాలతో సంఖ్య లభిస్తుంది. తొలి నమోదు రుసుము రూ. 20,000, అది పదేళ్ళు చెల్లుతుంది. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మతు వంటి పనులకు మాత్రమే దానిని రోడ్డు మీదకు తీసుకురావచ్చు. నిత్యావసరాలకు, వ్యాపారానికి వాడరాదు. అహ్మదాబాద్ సమీపంలోని కఠ్వాడాలో గల ఆటో వరల్డ్ ప్రదర్శనశాల, గోండల్ రాజకుటుంబపు కార్ల సేకరణ ఉన్న గుజరాత్‌లో పాత కార్లపై మక్కువకు కొదువ లేదు. కాని ఆ విధంగా నమోదైన కారును ప్రతి ఆదివారం బిడ్డతో డుమస్ షికారుకు తీసుకువెళ్ళడానికి చట్టం ఉద్దేశించలేదు.

మరమగ్గం కార్మికుని రెండు సీట్ల బండి

కన్వర్టిబుల్ కారు కొద్దిమంది సొత్తు. లింబాయత్ పేటలోని మరమగ్గం కార్మికుని ఇంటి ముందు ఉండేది మోటారు సైకిల్. అదీ రెండు సీట్ల వాహనమే. దానికీ పైకప్పు లేదు. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం నడిపేవారు కాక మరొక్కరు మాత్రమే దానిపై ఎక్కాలి. ఒడి గురించి పైన చెప్పిన లెక్కలన్నీ ఇక్కడ మరింత కఠినంగా వర్తిస్తాయి.

2022 ఫిబ్రవరి 15న ప్రకటించి, ఏడాది తరువాత అమలయ్యేటట్లు చేసిన కేంద్ర నిబంధన ఈ విషయమై మూడు షరతులు విధించింది. నాలుగేళ్ళ లోపు బిడ్డను ఎక్కించుకొన్నపుడు, బిడ్డను నడిపేవారితో కలిపి ఉంచే భద్రతా పట్టీల జాకెట్టు ఉండాలి. అది 30 కిలోల బరువును నిలపగలిగి ఉండాలి. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. 50 నుంచి 40కి తగ్గడం స్వల్పమైన మార్పుగా తోచవచ్చు. కాని పైన చెప్పిన మేడ లెక్కలో అది 10 మీటర్ల ఎత్తు నుంచి సుమారు 6 మీటర్ల ఎత్తుకు దిగడంతో సమానం.

తీరం చేరిన తరువాత

డుమస్ చేరిన తరువాత కూడా కొన్ని జాగ్రత్తలు అవసరం. ఖంభాత్ సింధుశాఖ ప్రాంతంలో సముద్రపు పోటుపాటుల వ్యత్యాసం చాలా ఎక్కువ. తడి ఇసుకలోనికి నడిపిన కార్లు కూరుకుపోయిన సంఘటనలు జరిగాయి. బిడ్డ ఉన్న వాహనాన్ని రోడ్డు వద్దనే నిలిపివేయడం వివేకం. ఎండలో నిలిపిన పైకప్పు లేని కారులో బెల్టు బకిల్, పిల్లల సీటులోని లోహపు భాగాలు చర్మం కాలేటంతగా వేడెక్కుతాయి. సీటుపై తెల్లని గుడ్డ కప్పి ఉంచి, బిడ్డను కూర్చుండబెట్టే ముందు చేతితో తాకి చూడాలి. బకిల్‌లో ఇసుక చేరితే గడియ పూర్తిగా పడదు. "టక్" మని శబ్దం వినిపించేదాకా నొక్కి, లాగి చూసి నిర్ధారించుకోవాలి.

ఇన్ని పరీక్షలలో ఏ ఒక్కటి తప్పినా పాత కారు యజమాని తీసుకోవలసిన నిర్ణయం, బిడ్డను ఆ కారులో ఎక్కించకపోవడమే. అన్నీ నెగ్గినపుడు కూడా ప్రయాణించగలిగేది ఇద్దరే: నడిపే పెద్దవారు ఒకరు, తన సీటులో బిడ్డ. మూడవవారికి నగర బస్సు ఉన్నది. కుటుంబమంతా కలిసి ఆ బస్సులోనే పోతే బిడ్డ తల్లికి దూరం కానక్కరలేదు. మోటారు సైకిల్‌పై నలుగురు సర్దుకొనే కుటుంబానికి కూడా ఇదే మార్గం శ్రేయస్కరం. సీట్లను లెక్కించి మనుషులను ఎక్కించే అలవాటుకు ధనంతో గాని, భాషతో గాని, ప్రాంతంతో గాని నిమిత్తం లేదు. తెలుగు బడి పిల్లవాడూ గుజరాతీ బడి పిల్లవాడూ ఈ లెక్కను ఇంటికి తీసుకుపోయి పెద్దలకు చెప్పగలిగితే, డుమస్ దారిలో కొందరు బిడ్డలైనా క్షేమంగా ఇల్లు చేరతారు.

విద్యార్థులకు అభ్యాసం

1. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనులో పదవ వంతు కాలంలో ఆగితే, 8 కిలోల బిడ్డను నిలపడానికి ఎంత బలం కావాలో లెక్కించండి.
2. ముందుకు చూసే సీటు కంటె వెనుకకు తిరిగిన సీటు శిశువుకు ఎందుకు మేలో, బలం పరచుకొనే వైశాల్యాన్ని ఆధారంగా చేసుకొని వివరించండి.
3. మీ ఊరిలో ఆదివారం సాయంత్రం ఒక కూడలిలో అరగంట సేపు నిలిచి, పిల్లలున్న ద్విచక్ర వాహనాలలో ఎన్నింటిపై బిడ్డకు హెల్మెట్ ఉన్నదో లెక్కించి, తరగతిలో చర్చించండి.